గట్టు మీద ఈతగాళ్ళు

“బావా, ఇంకా ఆ గేమేనా?” అని మా బావమరిది అడిగేసరికి నేను రన్‌వేకి నాలుగు మైళ్ళ దూరంలో ఉన్నాను. చక్రాలు దించాను. ఫ్లాప్స్ ఇంకో మెట్టు దించాలి. పక్కనుంచి గాలి పన్నెండు నాట్ల వేగంతో కొడుతోంది. వాడు కాఫీ గ్లాసు నా కీబోర్డు పక్కన పెట్టి, కాసేపు తెర చూసి, “గట్టు మీద కూర్చుని ఈత కొట్టినట్టుంది” అన్నాడు.

నేను మాట్లాడలేదు. పదివేల అడుగుల కింద కాక్‌పిట్‌లో పనికి సంబంధం లేని మాటలు మాట్లాడకూడదని ఎయిర్‌లైన్ పైలట్లకు నియమం ఉంది. ఇంట్లో కూర్చుని ఎగిరేవాడినైనా నేనూ దాన్ని పాటిస్తాను. ఇప్పుడు కిందికి దిగాను కనుక జవాబు చెబుతున్నాను.

ఆ మాట మా వాడి సొంతమైతే ఇంత వ్యాసం అక్కర్లేదు. చదువుకున్నవాళ్ళూ, నిజం పైలట్లూ, ఆఖరికి ఫ్లైట్ సిమ్యులేటర్ ప్రోగ్రాములను తయారుచేసి అమ్మే కంపెనీలూ అదే మాటను వేర్వేరు గొంతులతో అంటున్నారు. సిమ్యులేటర్ అంటే నకిలీ విమానమట. అసలుది అందనివాడు నకిలీతో సరిపెట్టుకుంటున్నాడట. కాబట్టి బొమ్మ ఎంత బాగుంటే సరదా అంత పెరుగుతుందట. రేపు విమానాలు వాటంతట అవే ఎగిరే కాలం వస్తే ఈ సరదా దానంతట అదే అంతరించిపోతుందట. చూడటానికి ఇవి వేర్వేరు అభిప్రాయాల్లా ఉంటాయి. వేరు మాత్రం ఒక్కటే, ఆ వేరే పుచ్చిపోయింది.

ముందు అందని ద్రాక్ష సంగతి. సాయంత్రం టీవీ ముందు కూర్చుని, కవర్ డ్రైవ్ కొట్టేటప్పుడు బ్యాట్స్‌మన్ ముందుకాలు ఎక్కడ పెట్టాలో గదమాయించి చెప్పే పెద్దమనుషులు మన ఊళ్ళో వీధికి పదిమంది ఉంటారు. వాళ్ళను చూసి ‘పాపం, టీమ్‌లో చోటు దొరకనివాడు’ అని ఎవరూ జాలిపడరు. త్యాగరాజ కీర్తన వింటూ తొడ మీద తాళం వేసే రసికుణ్ణి పాడటం చేతకానివాడని వెక్కిరించరు. జాలంతా మా కోసమే దాచిపెట్టారు. వాళ్ళు చూస్తారు, వింటారు. మేం కనీసం చేతులతో ఏదో చేస్తాం!

పైగా ఈ లెక్క అమెరికాలో అస్సలు కుదరదు. అక్కడ లైసెన్సు ఉన్నవాడు ఆదివారం పూట చిన్న సెస్నాను అద్దెకు తీసుకుని ఎగరడం మామూలు సంగతి. అలా ఎగిరి వచ్చి, రాత్రి మళ్ళీ ఇంట్లో సిమ్యులేటర్ ముందు కూర్చునేవాళ్ళు అక్కడ బోలెడంతమంది. వారమంతా జెట్లు నడిపి, సెలవు రోజున కంప్యూటర్ మీద 1930ల నాటి పాత విమానాన్ని తిప్పే ఎయిర్‌లైన్ పైలట్లూ ఉన్నారు. అసలు అందినవాడు కూడా నకిలీ దగ్గరికి ఎందుకు వస్తున్నాడు? ప్రత్యామ్నాయం అనే సిద్ధాంతం దీనికి జవాబు చెప్పలేదు.

జవాబు కావాలంటే ఒకసారి ఆ కుర్చీలో కూర్చోవాలి. మే నెల, మధ్యాహ్నం రెండు గంటలు, 42 డిగ్రీల ఎండ అని పెట్టి, మన పాత బేగంపేట రన్‌వే మీద ఒక సెస్నా 172ను నిలబెట్టండి. లోపల ముగ్గురు మనుషులు, ముప్పాతిక ట్యాంకు ఇంధనం. థ్రాటిల్ పూర్తిగా తోస్తే ఇంజిన్ అరుస్తుంది గానీ విమానం బద్ధకంగా కదులుతుంది. 55 నాట్ల దగ్గర ముక్కు ఎత్తాలి. ఆ 55 రావడానికే రన్‌వే చాలా ఖర్చయిపోతుంది. లేచాక ఎక్కదు. చల్లటి రోజున సముద్రమట్టం దగ్గర నిమిషానికి 700 అడుగులకు పైగా ఎక్కే విమానం, ఇక్కడ 500 ఎక్కడానికే ఆయాసపడుతుంది. ఆత్రంగా ముక్కు ఇంకా పైకి లాగితే వేగం పడిపోయి, రెక్క పట్టు తప్పబోతోందని స్టాల్ హారన్ మూలుగుతుంది. వేగం కోసం ముక్కు దించితే ఎదురుగా ఊరు.

ఎందుకిలా? బేగంపేట సముద్రమట్టానికి 1,742 అడుగుల ఎత్తులో ఉంది. ప్రామాణిక వాతావరణం లెక్కన ఆ ఎత్తులో ఉష్ణోగ్రత పదకొండున్నర డిగ్రీలుండాలి. మన ఎండ దానికి ముప్ఫై డిగ్రీలు ఎక్కువ. పెరిగిన ప్రతి డిగ్రీకీ సుమారు 120 అడుగులు కలుపుకోవాలి. అంటే ఆ మధ్యాహ్నం విమానం రెక్కకూ, ప్రొపెల్లర్‌కూ, ఇంజిన్ ఊపిరికీ తగిలే గాలి దాదాపు 5,400 అడుగుల ఎత్తున ఉండేంత పలచన. నేల మీద నిలబడి ఉండగానే విమానం తాను హార్స్‌లీ కొండల కన్నా పైన ఉన్నాననుకుంటోంది! దీన్ని డెన్సిటీ ఆల్టిట్యూడ్ అంటారు. ఈ ముక్క పుస్తకంలో చదివితే పరీక్ష అయ్యేదాకా గుర్తుంటుంది. బల్ల దగ్గర కూర్చుని మూడుసార్లు ఊరి మీద కూలిపోయినవాడికి జన్మంతా గుర్తుంటుంది. నేను ఐదుసార్లు కూలాను.

మా ఆకర్షణ ఇదీ. ఎగిరినట్టు భ్రమపడటం కాదు, విమానం ఎందుకు ఎగురుతుందో, ఎప్పుడు ఎగరనంటుందో వేళ్ళ చివర తెలుసుకోవడం.

నిజం పైలట్ల అభ్యంతరం మా బావమరిది మాట కన్నా బరువైనది, దాన్ని దులిపేసుకుని పోలేం. మా వీధిలో ఒక కుర్ర ఎయిర్‌లైన్ కెప్టెన్ ఉంటాడు. “అంకుల్, మీ కుర్చీ కదలదు కదా” అన్నాడు ఒకరోజు. నిజమే. విమానం జారితే వాళ్ళకు వీపుకు తెలుస్తుంది, మాకు తెలియదు. తప్పు చేస్తే వాళ్ళు పోతారు, మాకు కాఫీ చల్లారుతుంది. ఇంట్లో నేర్చుకుని ఫ్లయింగ్ క్లబ్‌కి వెళ్ళే కుర్రాళ్ళు అద్దంలోంచి బయటకు చూడరు, ఎంతసేపూ గడియారాల వంకే చూస్తారని శిక్షకులు మొత్తుకుంటారు. ఆ ఫిర్యాదు నూటికి నూరుపాళ్ళూ సబబే. ఆ అలవాటు మాన్పించడానికి వాళ్ళకు తలప్రాణం తోకకొస్తుంది. ఇక నాలుగు నెలలు జాయ్‌స్టిక్ తిప్పి ‘పైలట్ స్పృహ తప్పితే ఎయిర్‌బస్‌ను నేనే దింపేస్తాను’ అని పెళ్ళిళ్ళలో కోతలు కోసేవాళ్ళను మా తరఫు సాక్షులుగా పిలిచే ఉద్దేశం నాకు లేదు.

ఆ కెప్టెన్‌ను నా కుర్చీలో కూర్చోబెట్టాను. మొదటి ల్యాండింగ్‌లో విమానం బంతిలా రెండుసార్లు ఎగిరిపడింది. రెండోసారి రన్‌వే పక్కకు పోయింది. “చూశారా, ఏమీ తెలియడం లేదు” అన్నాడు, ఓడిపోయి కూడా గెలిచినవాడిలా. అప్పుడు నేను వాతావరణం మార్చి మబ్బులు దాదాపు నేల దాకా దించాను. బయట అంతా తెల్లటి గుడ్డ కప్పినట్టు. ఇక రన్‌వే దిక్కు చూపే ఐఎల్ఎస్ సూదులే దారి. ఈసారి అతను నోరు మెదపలేదు. ఎడమచెయ్యి జాయ్‌స్టిక్ మీద, కుడిచెయ్యి థ్రాటిల్ మీద, సూదులు రెండూ కాటా ముల్లులా మధ్యలో నిలబడ్డాయి. రెండు వందల అడుగుల దగ్గర మబ్బు చిరిగి రన్‌వే దీపాలు సరిగ్గా ముందర కనిపించాయి.

తేడా ఎక్కడుందో చూడండి. ఒంటితో తెలిసే విద్య నా గదిలో దొరకదు. బుర్రతో చేసే విద్య చెక్కుచెదరకుండా దొరుకుతుంది. పైగా మబ్బులో ఒళ్ళు అబద్ధం చెబుతుంది. విమానం నెమ్మదిగా ఒరిగితే లోపలి చెవి దాన్ని పసిగట్టదు. తిన్నగా చేశాక మాత్రం అవతలి వైపు ఒరిగిపోయినట్టు ఘోషిస్తుంది. మబ్బులో ఎగరడం నేర్పడమంటే సగం, ఒంటి మాట వినకుండా ఉండటం నేర్పడమే. కదలని కుర్చీ అక్కడ మరీ అంత పెద్ద లోపమేమీ కాదు. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ కూడా తాను ఆమోదించిన బల్ల మీది శిక్షణ పరికరాల్లో చేసిన కొన్ని గంటలను, మబ్బులో ఎగరడానికిచ్చే ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ లెక్కలో కలుపుతుంది. నా ఇంటి కంప్యూటర్‌కి ఆ ఆమోదం లేదు, నా గంటలు ఎవరి లెక్కలోకీ రావు. అడగడమూ లేదు.

‘అదొక ఆటవస్తువు’ అన్న తీర్పు ఒకసారి వచ్చి, ఒకసారి కొట్టుకుపోయింది కూడా. ఎడ్విన్ లింక్ అనే అమెరికన్ కుర్రాడి తండ్రికి బింగామ్‌టన్ ఊళ్ళో ఆర్గాన్లూ, వాటంతట అవి మోగే పియానోలూ తయారుచేసే కార్ఖానా ఉండేది. ఆర్గాన్‌లో గాలిని తోసే తిత్తులనే వాడి, 1929లో అతను ఒక చిన్న చెక్క విమానాన్ని కట్టాడు. నేలకు బిగించి ఉంటుంది, పైలట్ కర్ర కదిపితే తిత్తులు ఊది అది ఒరుగుతుంది. ఫ్లయింగ్ స్కూళ్ళు దాన్ని చూసి పెదవి విరిచాయి. చివరికి దాన్ని కొన్నది వినోదాల పార్కులవాళ్ళు. జనం నాణెం వేసి ఎక్కేవారు. అయిదేళ్ళు తిరిగాయి. 1934లో అమెరికా సైన్యం తపాలా మోసే పని నెత్తికెత్తుకుంది. చలికాలం, మంచు, రాత్రిళ్ళు, మబ్బులో ఎగరడం రాని కుర్రాళ్ళు. వరుసగా కూలి చనిపోయారు. అప్పుడు సైన్యం ఆ పార్కు బొమ్మల్ని ఆరు కొనుక్కుంది. రెండో ప్రపంచయుద్ధంలో లక్షలమంది పైలట్లు ఆ బొమ్మలోనే మబ్బుల్లో ఎగరడం నేర్చుకున్నారు. యంత్రం మారలేదు, చూసే కళ్ళు మారాయి.

ఇంటి సిమ్యులేటర్‌కి మూలపురుషుడు బ్రూస్ ఆర్ట్‌విక్. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్ చదివి, 1979 చివర్లో యాపిల్ టూ కంప్యూటర్ కోసం మొదటి ప్రోగ్రామ్ రాశాడు. నాలుగు గీతలే ప్రపంచం. 1982లో మైక్రోసాఫ్ట్ పేరుతో ఐబీఎం పీసీకి వచ్చింది. ఆ గీతల్లో కూడా విమానం స్టాల్ అయ్యేది. మొదటినుంచీ బొమ్మ కన్నా లెక్క ముఖ్యమని ఆ మనిషికి తెలుసు.

ఆ తెలివి తర్వాత కంపెనీకి కొరవడింది. నా వాదానికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం నేను చూపలేను. 2006లో ఫ్లైట్ సిమ్యులేటర్ టెన్ వచ్చింది. 2009 జనవరిలో దాన్ని తయారుచేసిన స్టూడియోనే మూసేశారు. తర్వాత పైవాళ్ళు కూర్చుని మా బావమరిదిలా ఆలోచించారు: ఇది ఎలాగూ గేమే కదా, గేములాగే చేద్దాం. చెక్‌లిస్టులు ఎవడికి కావాలి, పాయింట్లూ పతకాలూ పెడదాం. 2012 ఫిబ్రవరిలో ‘మైక్రోసాఫ్ట్ ఫ్లైట్’ అని హవాయి దీవుల మీద ఎగిరే సులువైన ఆటను ఉచితంగా వదిలారు. చూడముచ్చటగా ఉంది. అదే జులైలో దాని పని ఆపేశారు. అయిదు నెలలు కూడా నిండలేదు. మరి జనం ఏం చేశారు? మూతపడ్డ స్టూడియో తయారుచేసిన 2006 నాటి ప్రోగ్రామ్‌నే పట్టుకుని, దానికి సొంతంగా విమానాలూ విమానాశ్రయాలూ తయారుచేసుకుంటూ 2020 దాకా ఈడ్చుకొచ్చారు. ఎక్స్‌ప్లేన్ అనే మరో సిమ్యులేటర్ వైపు వెళ్ళినవాళ్ళు వెళ్ళారు. పద్నాలుగేళ్ళు! ఇంట్లో పద్నాలుగేళ్ళ నాటి మిక్సీ ఉందా?

ఆ ఓపిక ఎక్కడిదో తెలియాలంటే వ్యాట్‌సిమ్ గురించి చెప్పాలి. 2001లో మొదలైన ఈ నెట్‌వర్క్‌లో ఇళ్ళలో కూర్చుని ఎగిరేవాళ్ళకు ఇళ్ళలో కూర్చున్న మనుషులే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లుగా దారి చూపిస్తారు. ఎవరికీ రూపాయి ముట్టదు. కంట్రోలర్ కావాలంటే నెలల తరబడి నేర్చుకుని పరీక్ష పాసవ్వాలి. అందులో నేను మొదటిసారి మైక్ నొక్కినప్పుడు తడబడినంతగా నా గొంతు ఉద్యోగం ఇంటర్వ్యూలో కూడా తడబడలేదు. కంట్రోలర్ గొంతు వింటే ఇంజనీరింగ్ మొదటి ఏడాది కూడా దాటి ఉండడనిపించింది. క్యూఎన్‌హెచ్ 1008 అన్నాడు. అంటే ఆల్టిమీటర్‌లో పెట్టుకోవాల్సిన గాలి పీడనం. కంగారులో నేను 1018 అని తిరిగి చదివాను. అక్కడ పది ఎక్కువ పెడితే, నా మీటర్ చూపే ఎత్తు కన్నా నేను సుమారు 280 అడుగులు కింద ఉంటాను. మబ్బులో అయితే అంతే సంగతులు. ఆ కుర్రాడు విసుక్కోలేదు, నవ్వలేదు. “నెగెటివ్, క్యూఎన్‌హెచ్ వన్ జీరో జీరో ఎయిట్” అని ఒక్కో అంకె విడదీసి, కాస్త నిదానంగా మళ్ళీ చెప్పాడు. నేను సరిగా చదివేదాకా ఆగాడు. అంత మర్యాదగా నన్ను దిద్దినవాళ్ళు నా ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో ఇద్దరో ముగ్గురో.

వాడికి దీనివల్ల ఏమొస్తుంది? నాకేమొచ్చిందో అదే. ఒక పనిని అది ఎలా జరగాలో అలా, ఎవరూ అడగకపోయినా చేయడంలో ఉండే సంతోషం. గుడి ముందు ముగ్గు వేసే ఆవిడను ‘అది రేపటికి చెరిగిపోతుంది కదమ్మా’ అని ఆపండి చూద్దాం.

2020 ఆగస్టులో కొత్త మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్ వచ్చింది. ఫ్రాన్స్‌లోని బోర్దో నగరంలో ఉన్న అసోబో స్టూడియో పని. ఉపగ్రహ చిత్రాలు, రెండు పెటాబైట్లకు పైగా సమాచారం, భూగోళం మొత్తం. ఎవరిల్లు వాళ్ళు వెతుక్కుని, మేడ మీద ఆరేసిన బట్టలు కనబడతాయేమోనని చూశారు. నేనూ చూశాను, నన్ను నేను మినహాయించుకోను. నాకు ఆ అందం మీద కోపం లేదు. అందమే అసలు సరుకు అన్న ప్రచారం మీద కోపం. ఇల్లు చూసుకోవడానికి వచ్చినవాళ్ళు ఇల్లు చూసుకుని వెళ్ళిపోయారు. ఉన్నవాళ్ళు మళ్ళీ ఇంధనం లెక్కల్లోకీ, హైడ్రాలిక్ బొమ్మల్లోకీ దిగారు. ఫ్లైబైవైర్ అనే స్వచ్ఛంద బృందం ఎయిర్‌బస్ ఎ320ని స్విచ్ స్విచ్‌గా మళ్ళీ రాసి ఉచితంగా పంచిపెట్టింది. కొండల మీద మంచు ఎంత బాగా మెరిసిందో ఇప్పుడు మా వాళ్ళెవరూ మాట్లాడుకోరు.

విమానాలు వాటంతట అవే ఎగిరితే మా సరదా చచ్చిపోతుందన్నది చివరి మాట. 1997లో కంప్యూటర్ చదరంగంలో కాస్పరోవ్‌ను ఓడించినప్పుడు కూడా ఇదే ఏడుపు విన్నాం. ఆ తర్వాత ఆరేళ్ళకు పుట్టిన మన ఓరుగల్లు కుర్రాడు అర్జున్ ఇరిగైసి 2800 రేటింగు దాటాడు. యంత్రం బాగా ఆడుతోందని ఆట మానేసినవాళ్ళు నాకు తారసపడలేదు. పొగబండ్లు పట్టాల మీద నుంచి పోయాకే వాటి మీద ప్రేమ ముదిరింది. కాక్‌పిట్లు ఖాళీ అయిన రోజున, ఒక మనిషి చేతులతో విమానాన్ని ఎలా దింపేవాడో తెలిసినవాళ్ళు మిగిలేది మా గదుల్లోనే.

భయపడాల్సింది వేరే ఉంది, దాని గురించి ఎవరూ గొంతెత్తడం లేదు. 2020 నాటి సిమ్యులేటర్‌ను యూరప్‌లో పెట్టెలో పెట్టి అమ్మినప్పుడు అందులో పది డీవీడీలుండేవి. ఎంత బరువైనా మన చేతిలో ఉండేది. 2024 నవంబరులో వచ్చిన దాంట్లో విమానాలూ నేలా చాలామటుకు అప్పటికప్పుడు సర్వర్ల నుంచి వస్తాయి. విడుదలైన రోజున ఆ సర్వర్లు జనం తాకిడికి తట్టుకోలేక వేలమంది లోడింగ్ గీత దగ్గరే నిలబడిపోయారు. తయారీదారులు వీడియో పెట్టి సంజాయిషీ చెప్పుకున్నారు. ఆ ఇబ్బంది కొద్ది రోజుల్లో తగ్గింది, దాన్ని నేను తప్పుపట్టను. నా ప్రశ్న తర్వాతి సంగతి. 2009లో స్టూడియో మూసేసినా మా డిస్కులు మూతపడలేదు కాబట్టే ఈ విద్య బతికింది. సర్వర్ మీటను కట్టేసే రోజున ఏ పద్నాలుగేళ్ళు మిగులుతాయి? అందుకే 1997లో మొదలై ఇప్పటికీ ఎవరైనా తెరిచి చూడగలిగేలా ఉన్న ఫ్లైట్‌గేర్ లాంటి మోటు ప్రోగ్రాములంటే నాకు గౌరవం. అది అందగత్తె కాదు. మనల్ని ఇంట్లోంచి వెళ్ళగొట్టదు.

షికాగోలో సరస్సు ఒడ్డున మేగ్స్ ఫీల్డ్ అని ఒక చిన్న విమానాశ్రయం ఉండేది. చాలా ఏళ్ళపాటు మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్ తెరవగానే మన విమానం నిలబడి ఉండేది అక్కడే. లోకంలో ఎంతమందికి అది మొదటి రన్‌వేనో! 2003 మార్చి 30 అర్ధరాత్రి మేయర్ రిచర్డ్ డేలీ బుల్‌డోజర్లు పంపి దాని మీద పెద్ద పెద్ద ఇంటూ గుర్తులు తవ్వించాడు. పదహారు విమానాలు లోపలే చిక్కుకుపోయి, తర్వాత ట్యాక్సీవే మీద నుంచి ఎగిరిపోవాల్సి వచ్చింది. అదే ఏడాది వచ్చిన సిమ్యులేటర్‌లో మేగ్స్ మాత్రం పదిలంగా ఉంది.

ఆ ఏడాది వచ్చిన నాలుగు సీడీలు నా దగ్గరున్నాయి. వాటి కోసమే మేడ మీద ఒక పాత కంప్యూటర్‌ను సాకుతున్నాను. ఫ్యాన్ గిర్రుమని అరుస్తుంది, గడియారం సరైన తేదీ చెప్పదు. అందులో శంషాబాద్ ఇంకా పుట్టలేదు. హైదరాబాద్ అంటే బేగంపేటే. చార్మినార్ లేదు, ట్యాంక్‌బండ్ బుద్ధుడు లేడు, ఇళ్ళన్నీ ఒకే అచ్చు పోసినట్టుంటాయి. కానీ రన్‌వే సరైన చోట, సరైన దిక్కుకు ఉంది. 2008 మార్చిలో ప్రయాణికుల విమానాలన్నీ అక్కణ్ణుంచి తరలిపోయాయి. మా పాత ఇల్లు సికింద్రాబాద్‌లో, అవి దిగే దారి కింద ఉండేది. రాత్రి తొమ్మిదింటికి ఒకటి వెళితే గిన్నెల అలమర గలగలలాడేది.

మొన్న రాత్రి తూర్పు నుంచి అదే దారిలో దిగుతున్నాను. మా బావమరిది మళ్ళీ వచ్చాడు. నోట్లో ఏదో మాట ఉంది గానీ తెర చూసి ఆగాడు.

“ఇదెక్కడ?”

“బేగంపేట.”

స్టూలు లాక్కుని కూర్చున్నాడు. కాసేపటికి, “రన్‌వే పక్కన ఆ నాలుగు లైట్లేంటి? మూడు ఎర్రగా ఉన్నాయి?” అని అడిగాడు.

“రెండు తెలుపు, రెండు ఎరుపు ఉండాలి. కొంచెం కిందికొచ్చేశాం,” అని చెప్పి థ్రాటిల్ ఒక వేలెడు ముందుకు తోశాను.